అత్తమ్మ కట్టిన ఆరు మూటలు

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ దగ్గర ఊరు. అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తాను. మా అత్తమ్మ పోయి మూడేళ్లయింది. మొన్న పాత ఇల్లు విప్పుతుంటే దూలానికి కట్టిన ఆరు గుడ్డమూటలు దొరికాయి. అన్నీ గింజలే. ఏవి ఏమిటో సగం తెలియదు. ఇప్పుడు పోస్తే మొలుస్తాయా? ఇంకో సంగతి. నిరుడు అంగట్లో కొన్న మంచి టమాటల గింజలు దాచి నారు పోస్తే ఒక్కో చెట్టుకు ఒక్కో తీరు కాయ కాసింది. సోరతీగకేమో కాయలన్నీ చేదు. ఉప్పు రాసి పిండితే పోతుందని మా ఆయన అంటాడు. ఫోన్‌లో చూసి ఆరు వందలు పెట్టి 'దేశీ విత్తనాలు' తెప్పిస్తే సగం మొలవలేదు. ఇంటి వెనక మూడు గుంటల జాగా ఉంది, నీళ్లున్నాయి. అసలైన నాటు విత్తనం ఎక్కడ దొరుకుతుంది, ఏటేటా ఎట్లా దాచుకోవాలి? ఆ మూటలు నా చేతిలో పాడైపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

చెల్లెమ్మా, మూటల సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ సోరకాయ. వండొద్దు. ఉప్పు రాసినా, పిండినా, ఎంత ఉడకబెట్టినా ఆ చేదు పోదు. అది కాకరకాయ చేదు కాదు. సోర, బీర, దోస జాతి కాయల్లో అప్పుడప్పుడు కుకుర్బిటాసిన్ అనే పదార్థం ఎక్కువై వచ్చే చేదు, అది విషం. తిన్న కాసేపటికే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ఒక్కోసారి రక్తం పడుతుంది. చేదు సోరకాయ రసం ఆరోగ్యమని తాగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. కాబట్టి మీ ఆయనకు చెప్పు, ఈ ఒక్క విషయంలో పొదుపు వద్దని. ఎవరైనా తిని కడుపులో తేడా చేస్తే మజ్జిగ తాగి పడుకోకుండా దవాఖానకు పోవాలి. తీగను పీకెయ్, పశువులకు వెయ్యకు, దాని గింజ ఒక్కటి కూడా దాచకు.

ఆ చేదు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకో, ఎందుకంటే విత్తనం దాచే పని అంతా ఇందులోనే ఉంది. ఈ ఏడు నీ పెరట్లో ఏ పురుగు ఏ పువ్వు మీద వాలిందన్నది ఈ ఏటి కాయ రుచిని మార్చదు. లోపలి గింజను మారుస్తుంది. ఆ గింజ వచ్చే ఏడు తీగ అయ్యాక తేడా బయటపడుతుంది. ఎండబెట్టి పాత్రల్లా వాడుకునే బుర్రల కోసం పెంచే సోరలో చేదు రకాలుంటాయి. అలాంటి తీగ పుప్పొడి తెచ్చి తల్లి తీగ పువ్వు మీద ఏ రాత్రి పురుగో రాసిపోయి ఉంటుంది. నీకు గింజ ఇచ్చినవాళ్లు మంచి కాయ నుంచే తీసి ఇచ్చి ఉంటారు, వాళ్లను తప్పుపట్టకు.

మన దగ్గర దోసకాయ కోయగానే ముక్క నాలుకకు తగిలించి చూడందే కూరలో వెయ్యం గదా. అదీ ఇందుకే. చేలల్లో తనంతట తనే మొలిచే బుడమకాయ, మన పసుపు దోస, ఖర్బూజ మూడూ దగ్గరి చుట్టాలు, ఒకదాని పుప్పొడి ఒకదానికి పడుతుంది. కీరదోస మాత్రం వేరే జాతి, వీటితో కలవదు. సోర, గుమ్మడి పక్కపక్కన పెడితే కలిసిపోతాయా అని చాలామంది అడుగుతారు. కలవవు. బీర, నేతిబీర మాత్రం కలవగలవు, రెండూ పెంచేవాళ్లు జాగ్రత్త.

ఇక మూటలు. మీ అత్తమ్మ వాటిని దూలానికి ఊరికే కట్టలేదు. ఆ దూలం కింద పొయ్యి ఉండేదేమో గుర్తుచేసుకో. మా కల్వకుర్తి వైపు పెంకుటిండ్లలో విత్తనం మూట ఎప్పుడూ వంటింటి దూలానికే ఉండేది. రోజూ పొగ, వేడి తగిలే చోట గింజకు తేమ పట్టదు, పురుగు చేరదు. అయితే ఆమె పోయాక ఆ పొయ్యి వెలిగి ఉండదు. మూడు వానకాలాల తేమ ఆ గుడ్డల్లోకి దిగింది. అందుకే కొన్ని మొలుస్తాయి, కొన్ని మొలవవు. సోర, బీర, గుమ్మడి, దోస గింజలు మామూలుగానే నాలుగైదేళ్లు ఓపిక పడతాయి, వాటి మీద ఆశ పెట్టుకో. వంకాయ, టమాటకూ అవకాశముంది. చిక్కుడు, బబ్బెర్లు పుచ్చు పట్టకపోతే మూడేళ్లకు పరవాలేదు. బెండ, మిర్చి రెండేళ్లు దాటితే మొలక బాగా తగ్గుతుంది. ఉల్లి గింజ అయితే ఏడాది తిరిగితే చాలు, సగం పోతుంది.

ఏవి ఏమిటో తెలియదన్నావు. పగటి వెలుగులో ఒక్కో మూట తెల్ల పళ్లెంలో పోసి చూడు. నల్లగా, బల్లపరుపుగా, పైన గుంటలు గుంటలుగా గరుకుగా ఉంటే బీర. అదే ఆకారం కానీ నున్నగా, చుట్టూ సన్నటి అంచు ఉంటే నేతిబీర. పొడుగ్గా ఉండి ఒక కొసన రెండు చెవులు తేలినట్టుంటే సోర. ఒళ్లంతా నగిషీ చెక్కినట్టుంటే కాకర. అంచు మీద తెల్లటి గీత లేచి కనిపిస్తే చిక్కుడు, లేదా అనుములు. ఆ రెండూ ఒకే జాతి కాబట్టి గింజ చూసి చెప్పడం కష్టం, కాయ కాస్తేనే తేలుతుంది. బబ్బెర్లకు ఆ గీత ఉండదు, నడుమున చిన్న కన్ను ఉంటుంది. మిరియాల్లా గుండ్రంగా, నలుపు పచ్చ కలిసిన రంగులో ఉంటే బెండ. మూలలు తేలిన బూడిదరంగు గింజ పుంటికూర. ఆవాల కన్నా చిన్నగా నల్లగా మెరిస్తే తోటకూర. చిన్నగా చదునుగా పసుపు రంగులో ఉన్నవాటితోనే తిప్పలు: సన్నటి నూగు ఉంటే టమాట, నున్నగా ఎండుగడ్డి రంగులో ఉంటే మిర్చి, అదే నున్నదనంతో ఇంకాస్త చిన్నగా, గోధుమ రంగుకు తిరిగితే వంకాయ. ఏ గింజనూ నోట్లో పెట్టి చూడకు. ఒకప్పుడు పురుగు పట్టకుండా విత్తనంలో గమాక్సిన్ అనే పురుగుమందు పొడి కలిపేవాళ్లు, మీ అత్తమ్మ కలిపిందో లేదో మనకు తెలియదు. చూసిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో. మీ వాడలో డెబ్బై దాటిన ఒక ముసలమ్మను పిలిచి చూపిస్తే నేను ఇన్ని వాక్యాల్లో చెప్పింది ఆమె ఒక్క చూపులో చెబుతుంది. మీ అత్తమ్మ ఏ గింజ ఎవరి దగ్గర తెచ్చిందో కూడా ఆమెకే తెలిసి ఉండొచ్చు.

తర్వాత మొలక చూడు. మూటలో గింజలు యాభై దాటి ఉంటే పది లెక్కపెట్టి తీసుకో. పాత నూలు గుడ్డ తడిపి గట్టిగా పిండి, గింజలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి చుట్టి, మూత వదులుగా ఉన్న డబ్బాలో పెట్టు. రోజూ ఒకసారి విప్పి గాలి తగలనియ్, ఆరిపోతే నీళ్లు చిలకరించు. గుడ్డ తడిగా ఉండాలి కానీ నీళ్లు కారొద్దు. చిక్కుడు, బబ్బెర్లు నాలుగైదు రోజుల్లో తేల్చేస్తాయి. తీగ గింజలకు వారం పడుతుంది. వంకాయ, మిర్చికి రెండు వారాలు ఆగు, అయిదో రోజునే పారేయకు. పదిలో ఏడెనిమిది మొలిస్తే నిశ్చింత. రెండు మూడే మొలిస్తే ఆ మూటను ఈ ఏడే పొయ్యాలి, ఇంకో ఏడాదికి అదీ ఉండదు. మొలిచినవాటిని పారేయకుండా అప్పుడే చిన్న కవర్లలో మట్టి పోసి నాటుకో. మూటలో పదిహేను ఇరవై గింజలే ఉంటే ఈ పరీక్షలు వద్దు, సగం నేరుగా కవర్లలో పెట్టు.

సగమే. మొలక మరీ తగ్గిపోయిన మూట సంగతి వేరు, మిగతావాటికి ఇది గట్టిగా చెబుతున్నాను. ఎంత బాగా మొలిచినా మూట మొత్తం ఒకే ఏడు పొయ్యకు. వాన మోసం చేయొచ్చు, మేక దూరొచ్చు, కోతులు రావొచ్చు. మిగతా సగం సీసాలో ఉంటే వచ్చే ఏడు మళ్లీ మొదలుపెట్టొచ్చు. మృగశిర దగ్గరపడుతోంది. తీగలకు, చిక్కుడుకు మొదటి వానలు సరైన అదును. చిక్కుడు మాత్రం ఇప్పుడు ఎంత ఏపుగా పెరిగినా పగళ్లు పొట్టివయ్యేదాకా పూయదు, తీగ గొడ్డుపోయిందని సెప్టెంబరులో కోసెయ్యకు. నాటు చిక్కుళ్లలో చాలావాటి గుణం అంతే. సంక్రాంతికి, రథసప్తమికి కాయ చేతికొచ్చేది అందుకే.

టమాట గురించి. నువ్వు అంగట్లో కొన్నవి దాదాపు ఖాయంగా హైబ్రిడ్. గద్వాల వైపు సీడ్ పత్తి చేలకు కూలికి పోయినవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే అడుగు, హైబ్రిడ్ అంటే ఏమిటో చక్కగా చెబుతారు. ఆడ మొక్క మొగ్గను సాయంత్రం గిల్లి, అందులోని పుప్పొడి కాడలు తీసేస్తారు. పొద్దున్నే మగ వరుసలోని పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. అట్లా రెండు వేర్వేరు తల్లిదండ్రులకు పుట్టిన మొదటి తరం గింజే హైబ్రిడ్, పాకెట్ మీద 'ఎఫ్1' అని రాస్తారు. ఆ తరమంతా ఒక్క అచ్చులో పోసినట్టు ఉంటుంది. దాని గింజ తీసి పోస్తే రెండో తరంలో ఒకటి తాత పోలిక, ఒకటి అమ్మమ్మ పోలిక. నీ చెట్లకు జరిగిందదే. అది విషమూ కాదు, మొలవని గింజా కాదు. కూరగాయ విత్తనాలన్నీ జీఎం, అంటే జన్యుమార్పిడి చేసినవి, అని భయపెట్టే మాటలు కూడా నమ్మకు. మన దేశంలో రైతులు సాగుచేసేందుకు అనుమతి ఉన్న జీఎం పంట 2002లో వచ్చిన బీటీ పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010లో ఆపేశారు. నీ టమాటల్లో ఒక చెట్టు కాయ రుచిగా, నీకు నచ్చినట్టు ఉంటే దాని గింజే దాచి ఏటా అదే పోలికను ఎంచుకుంటూ పో. ఆరేడేళ్లకు అది కుదురుకుని నీ ఇంటి రకం అవుతుంది. నాకైతే అంత ఓపిక లేదు, నీకుంటే చెయ్.

మూడు గుంటల్లో అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. తన పువ్వులో తనే కాయ కట్టే పంటలతో చెయ్యి తిప్పుకో. టమాట, బబ్బెర్లు, గోకరకాయ, మెంతి, పుంటికూర. వీటికి పక్కింటి పెరటితో పెద్దగా పేచీ ఉండదు, చిక్కుడుకూ చాలావరకు అంతే. వంకాయ, మిర్చి, బెండ నడిమి రకం. సొంతంగానే కడతాయి కానీ తేనెటీగలు కొంత కలుపుతాయి. రెండు రకాల వంకాయలు పెంచుతుంటే విత్తనానికి అనుకున్న కొమ్మకు పూయకముందే పాత దోమతెర ముక్కతో సంచి కుట్టి తొడుగు, పిందె పడ్డాక తీసేసి దారం కట్టు. బెండకైతే రేపు విచ్చబోయే మొగ్గ కొసను ఈరోజు సాయంత్రమే దారంతో మెల్లగా ముడివేస్తే చాలు, లోపల్లోపలే కాయ కడుతుంది. తోటకూర గాలికి కలుస్తుంది. ఎర్రదీ పచ్చదీ పక్కపక్కన పెట్టి విత్తనం తీస్తే వచ్చే ఏడు రెండూ కలగలుపే.

తీగలకే నిజమైన పని. సర్టిఫైడ్ విత్తనం పండించేవాళ్లు ఈ జాతి తీగల రకానికీ రకానికీ మధ్య 500 మీటర్ల దూరం వదలాలని నియమం. ఊరి పెరట్లో అది అయ్యేపని కాదు, గోడ అవతల పక్కింటి పందిరే ఉంటుంది. అందుకని గద్వాల కూలీలు చేసే పనే చెయ్యాలి. తీగలకు ఇంకా సుళువు, ఎందుకంటే ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు, మొగ్గ గిల్లే పని ఉండదు. బతుకమ్మకు గుమ్మడిపూలు కోసిన చేతులకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. కాడ సన్నగా పొడుగ్గా ఉన్న పువ్వు కోస్తాం, వెనక చిన్న పిందె ఉన్నదాన్ని వదిలేస్తాం. కోసేది మగది, వదిలేది ఆడది. విచ్చుకునే ముందు ఆడమొగ్గకూ ఒకటి రెండు మగమొగ్గలకూ చిన్న కాగితం పొట్లాలు తొడిగి దారంతో కట్టు. విచ్చుకున్నాక మగపువ్వు తెంపి, రేకలు తీసేసి, నడిమి పుప్పొడి కాడను ఆడపువ్వు నడుమ మెల్లగా రాయి. మళ్లీ పొట్లం తొడిగి రెండు రోజులు ఉంచు, కాయ కాడకు ఎర్రదారం కట్టు.

వేళ తప్పితే ఇదంతా దండగ. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుని పదింటికల్లా వాడిపోతుంది, కాబట్టి మొగ్గలు ముందురోజు సాయంత్రమే కట్టి, పొద్దున్నే కలపాలి. కాకర కూడా పొద్దుటిదే. బీర, సోర సాయంత్రం పూస్తాయి. వాటి మొగ్గలు మధ్యాహ్నమే కట్టి, పొద్దుగూకే వేళ కలపాలి. నేను మొదటి ఏడు బీరపువ్వును పొద్దున్నే కలుపుదామని పోయి వాడిన పువ్వులు చూసి తిరిగి వచ్చాను, వారం రోజులు. దోసను మాత్రం చేత్తో కలపబోకు. పూలు మరీ చిన్నవి, చాలా పిందెలు రాలిపోతాయి. పెరట్లో ఒకటే రకం ఉంచి, దడి పక్కన బుడమతీగలు కనబడితే పీకి, విత్తనపు కాయను కోసినప్పుడు రుచి చూసుకుంటే సరిపోతుంది. సోర, బీరకు కూడా అదే తీగ లేతకాయ ముక్క నాలుక కొసకు తగిలించి ఉమ్మేసి చూసుకో. చేదు తగిలితే ఆ తీగ గింజ వద్దు.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. మంచి కాయలన్నీ కూరకు పోతాయి, ఆఖరున మిగిలిన వంకర కాయ ముదిరిపోయిందని విత్తనానికి వదిలేస్తారు. నాలుగేళ్లు అట్లా చేస్తే ఆ ఇంట్లో వంకర కాయలే కాస్తాయి, పైగా నాటు విత్తనం దిగుబడి ఇవ్వదని పేరు. మా అమ్మ పద్ధతి వేరు. మొదటి కోత తినేది, రెండో కాపులో అందరికన్నా బాగున్న తీగ మీద నిండుకాయకు గుడ్డపీలిక కట్టేది. పిల్లలం ఎవరం ముట్టుకున్నా వీపు మోగేది. ఎంచాల్సింది కాయను కాదు, చెట్టును. తెగులు తగలనిది, వాన ఆగిపోయినా తట్టుకున్నది, ఆకు పచ్చగా ఉండగానే ఎక్కువ కాసినది. పల్లాకు తెగులు పట్టిన బెండ, ఆకుముడత పడ్డ మిర్చి పక్కన పెట్టేయ్. ఒకే కాయ నుంచి కాకుండా నాలుగైదు తీగల కాయల నుంచి గింజ తీసి కలుపు, లేకపోతే కొన్నేళ్లకు రకం నీరసపడుతుంది. తోటకూరలాంటివాటికి ఇరవై మొక్కలైనా ఉండాలి.

సోర, బీర తీగ మీదే ఎండాలి. సోరకాయ ఊపితే గలగలమనాలి. బీరకాయ కొస టోపీలా ఊడదీసి బోర్లిస్తే గింజలు వాటంతట అవే జారతాయి, మిగిలిన పీచు ఒళ్లు రుద్దుకోను పనికొస్తుంది. వంకాయ పసుపు తిరిగి మెత్తబడేదాకా ఆగు. కోసి నీళ్లలో పిసికితే మంచి గింజ మునుగుతుంది, తాలు తేలుతుంది. టమాట గింజ చుట్టూ జిగురు ఉంటుంది గదా, గుజ్జుతో సహా గిన్నెలో రెండు మూడు రోజులు పులియనిస్తే అది విడిపోతుంది. వాసన వస్తుంది, బయట పెట్టుకో. కడిగి పళ్లెం మీద ఆరబెట్టు. పేపరు మీద వేస్తే అతుక్కుంటాయి.

ఎండబెట్టడంలో మన వైపు చేసే పొరపాటు మిద్దె మీద నడివేసవి ఎండలో పరచడం. ఆ సిమెంటు అట్ల పెనంలా కాలుతుంది, గింజ లోపలి జీవం మాడిపోతుంది. పొద్దుటి ఎండలో పది పదకొండింటి వరకు ఉంచి నీడకు లాగు, నాలుగైదు రోజులు అట్లా చెయ్. సోర గింజ వంచితే వంగితే ఇంకా పచ్చి, టక్కున విరిగితే ఎండినట్టు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రవేత్తల లెక్క. దాచిన చోట వేడి ఓ అయిదు డిగ్రీలు తగ్గినా అంతే.

ఈ లెక్క నాకు నష్టపోయాక తెలిసింది. మా మేనత్త ఇచ్చిన నల్లచారల బబ్బెర్లు సరిగ్గా ఎండకముందే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి అటక మీద పెట్టాను. దసరాకు తీస్తే పైన బూజు, కింద పురుగు, అడుగున పిండి. అప్పటికి మేనత్త లేదు. తర్వాత ఎన్ని అంగళ్లు తిరిగినా ఆ చారల బబ్బెర్లు దొరకలేదు. అప్పటి నుంచి ఏ రకమైనా మా ఇంట్లో ఒక సీసా, చెల్లెలి ఇంట్లో ఒక సీసా.

పప్పు గింజలకు కిలోకు ఒకటి రెండు చెంచాల ఆముదం పట్టించు. ఒకప్పుడు పాలమూరు, నల్లగొండ చెలకలన్నీ ఆముదమే కాబట్టి మన పెద్దలకు అది చేతికందే మందు. పురుగు గుడ్డు దాని జిడ్డు కింద బతకదు. మిగతా గింజలకు జల్లించిన కట్టెబూడిద, ఎండిన వేపాకు వేసి గాజుసీసాలో నింపు. ఫ్రిజ్‌లో పెట్టినా మంచిదే, కానీ బాగా ఎండిన గింజ మాత్రమే, గట్టి మూతతో. బయటికి తీసినప్పుడు సీసా మామూలు వేడికి వచ్చేదాకా మూత తియ్యకు, చల్లటి గింజ మీద తేమ చెమర్చుతుంది. సీసా మీద పేరు, నెల, సంవత్సరం, ఎవరిచ్చారో రాయి. మీ అత్తమ్మకు రాసే అవసరం రాలేదు, ఆమెకు చూపుతోనే తెలుసు. ఇప్పుడు ఇబ్బంది పడుతున్నది నువ్వు.

విత్తనం ఎక్కడ దొరుకుతుందన్నావు. మొదటి చోటు మీ అంగడే. పెద్ద తట్టలవాళ్లను కాదు, ఓ మూలన గోనెపట్టా మీద నాలుగు కుప్పలు పెట్టుకుని కూర్చునే ముసలమ్మలను అడుగు. కాయ బేరం చెయ్యకుండా కొని, 'దీని గింజ ఇంట్లో ఉందా అవ్వా' అని అడుగు. మీ దేవరకొండ చుట్టూ తండాలున్నాయి, ఇంటి పైకప్పుల మీద, దడుల మీద ఏ తీగలు పాకుతున్నాయో చూస్తూ నడువు. చలికాలం ఆఖరున పోతే ఎండిన కాయలే కనబడతాయి. ఊరికే తీసుకోకు, నీ దగ్గరున్న గింజ ఏదైనా పట్టుకుపో. నీ అంగన్‌వాడీకి వచ్చే తల్లులు కూడా ఉన్నారు, వాళ్ల అత్తల మూటలు ఏ దూలానికి వేలాడుతున్నాయో ఎవరికి తెలుసు? ఇట్లా విత్తనం మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001 ప్రకారం రైతు తన పంట విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా.

అక్కడ దొరకనివాటికి కృషి విజ్ఞాన కేంద్రాలను అడుగు. మీ జిల్లాలో కంపాసాగర్, సూర్యాపేట వైపు గడ్డిపల్లి, మా వైపు పాలెం, వనపర్తి జిల్లాలో మదనాపురం. రాజేంద్రనగర్‌లో కూరగాయల పరిశోధన కేంద్రం ఉంది, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు అర్కా పేరుతో ఉన్న రకాల విత్తనాలు పోస్టులో పంపుతారు. అక్కడ దొరికేవాటిని నాటు అనలేం, శాస్త్రవేత్తలు ఎంపికచేసిన సూటి రకాలు. కానీ హైబ్రిడ్ కాని రకమైతే గింజ దాచుకోవచ్చు, అదే పోలిక వస్తుంది. పూసా రూబీ టమాట, అర్కా అనామిక బెండ, భాగ్యమతి వంకాయ, జగిత్యాల లాంగ్ బీర అట్లాంటివి. నాకు వీటి మీద చిన్నచూపు లేదు. నాటు నాటు అని మనం గొప్పగా చెప్పుకునే మిర్చి కూడా పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందే. చిరుధాన్యాలు, పప్పుల పాత రకాలు చూడాలనుంటే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడి ఊళ్లలో దళిత మహిళలు విత్తన బ్యాంకులు నడుపుతారు, 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది వాళ్లకే. సంక్రాంతి రోజుల్లో వాళ్లు చేసే పాత పంటల జాతరను ఒక్కసారైనా చూడాలి.

ఫోన్‌లో కొన్న పాకెట్ల మీద ఇంక ఆరు వందలు పోయకు. మళ్లీ కొనాల్సివస్తే మూడు అడుగు: ఏ ఊళ్లో పండింది, ఏ ఏడు తీసింది, హైబ్రిడ్ అవునా కాదా. జవాబు రాకపోతే 'దేశీ' అన్న మాటకు విలువ లేదు. నీలం టమాట, ఇంద్రధనుస్సు మిర్చి బొమ్మలున్న పాకెట్ల జోలికి అసలే పోకు. గింజ మీద గులాబీ రంగో నీలం రంగో పూసి ఉంటే అది మందు కలిపిన విత్తనం, పిల్లల చేతికి అందనివ్వకు.

ఈ వానకాలానికి నీ పని ఇంతే అనుకో: ఆరు మూటలు తేల్చుకోవడం, వాటిలో మొలిచిన రెండు మూడింటిని విత్తనం దాకా తీసుకుపోవడం. మూటల్లో నల్లచారల బబ్బెర్లేమైనా కనబడితే మాత్రం వెంటనే నాకు ఒక ఉత్తరం రాయి. కాయ కాశాక పది గింజలు పంపితే చాలు. కవర్లో ఊరికే వెయ్యకు, పోస్టాఫీసులో ముద్ర దెబ్బకు పగిలిపోతాయి. గుడ్డలో కుట్టి, అట్టపెట్టెలో పెట్టి పంపు.